ఎనభై దాటితే గన్ తీయడమే

వెనక సీట్లో అమ్మమ్మా నేనూ, మా ఇద్దరి మధ్య చేగోడీల డబ్బా. కారు కొత్తది, కరెంటుది. ఊరు దాటడం దానికి ఇదే మొదలు. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 270 కిలోమీటర్లు, అక్కడ మామయ్య కొత్త ఫ్లాట్‌ గృహప్రవేశం. సత్యనారాయణపురంలో కారెక్కిన పిన్ని, దుర్గగుడి ఫ్లైఓవర్ మీద కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. అంతే, గొల్లపూడి వచ్చినా నోరు విప్పలేదు. పిన్ని మాట్లాడలేదంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క బాబాయ్‌కి తప్ప.

బాబాయ్: చూశావా, చప్పుడే లేదు.

పిన్ని: ఊఁ.

బాబాయ్: ఇంత ప్రశాంతంగా ఎప్పుడైనా వెళ్ళామా?

పిన్ని: కొంతమంది అంతే. లోపల ఏం నడుస్తోందో పైకి వినపడదు.

బాబాయ్: కారు గురించేనా?

పిన్ని: కారుకేం పాపం, అది మంచిదే.

(ఇబ్రహీంపట్నం దాటాక ఇసుక లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. దాని వెనకాలే గడ్డి ట్రాక్టర్.)

పిన్ని: ట్రాక్టర్ కూడా పోయిందండీ.

బాబాయ్: పోనీ. స్పీడు రెట్టింపయితే ఎదురుగాలి నాలుగింతలు తోస్తుంది. బ్యాటరీ అంతా దానికే ఖర్చు. నేను ఎనభై దాటను.

పిన్ని: మళ్ళీ ఎనభై!

బాబాయ్: మళ్ళీ ఏంటి?

పిన్ని: ఆ అంకె మీద మీకెందుకండీ అంత పగ? రాత్రి డాబా మీద ఫోన్లో కూడా అదేగా.

బాబాయ్: ఏమన్నాను?

పిన్ని: "ఎనభై దాటితే ఇంకేం ఆలోచించకూడదు బ్రదర్, గన్ తీసేయడమే" అన్నారా లేదా?

బాబాయ్: అన్నాను.

పిన్ని: అన్నారు! ఏమే, విన్నావుగా, నువ్వే సాక్షి. "మొహమాటానికి ఉంచామనుకో, మిగతావాళ్ళ ఉసురు తగులుతుంది" అని కూడా అన్నారు.

బాబాయ్: అదీ అన్నాను. అయితే?

పిన్ని: అయితేనా! పోయిన నెలే కదండీ మా అమ్మకి ఎనభై నిండాయి. యాభై మందికి భోజనాలు పెట్టాం. మీరు రెండుసార్లు పూర్ణాలు వేయించుకున్నారు.

(అమ్మమ్మ కిటికీకి తలానించి నిద్రపోతోంది. చెవి మిషన్ చేతిసంచీలో ఉంది. దేవుడి దయ.)

బాబాయ్: ఓర్నాయనో! గన్ అంటే ఛార్జింగ్ గన్నే బాబూ. కారుకి పెట్టేది. పెట్రోల్ బంకులో ఉంటుంది చూడు, అలాంటిదే, దీంట్లో కరెంటు వస్తుంది. ఎనభై అంటే బ్యాటరీ ఎనభై శాతం. మీ అమ్మగారు ఎక్కడొచ్చారు ఇందులోకి?

పిన్ని: మీ దగ్గర తుపాకీ లేదని నాకూ తెలుసు. దీపావళికి సీమటపాకాయ్ కాల్చాలంటే మీకు చెయ్యి వణుకుతుంది. కానీ ఉద్దేశం చూడాలి కదా.

బాబాయ్: ఉద్దేశమేంటే! ఖాళీగా ఉన్నప్పుడు బ్యాటరీ గబగబా తీసుకుంటుంది. ఎనభై దాటాక ఇక అంత గబగబా తీసుకోలేదు.

పిన్ని: మా అమ్మ రెండిడ్లీలే తింటుందని దెప్పుతున్నారన్నమాట.

బాబాయ్: బ్యాటరీ గురించి చెబుతున్నా! ఆ తర్వాత కూడా గట్టిగా కరెంటు తోశామనుకో, వేడెక్కుతుంది. పాడవుతుంది.

పిన్ని: అవును, అమ్మకి కోపం ఎక్కువ. మీ పెళ్ళిచూపుల్లోనే తెలిసింది కదా, ఇప్పుడు కొత్తగా చెబుతారేం?

బాబాయ్: అందుకే కారే తగ్గించి తగ్గించి తీసుకుంటుంది. ఆ ఆఖరి ఇరవై కోసం కూర్చోవడం దండగ.

పిన్ని: దండగా! నిండు నూరేళ్ళు బతకమని దీవించడం దండగా? మన పెళ్ళిలో అక్షింతలేసి మా అమ్మ మీకు ఎంత ఇచ్చింది, ఎనభై ఇచ్చి ఆపిందా?

(బాబాయ్ నోరు తెరిచాడు. పిన్ని అందులో ఒక చేగోడీ పెట్టింది. స్టీరింగ్ మీద చేతులున్నప్పుడు ఆయన చేత్తో తినకూడదన్నది ఆవిడ రూలు. పోట్లాటకీ ఈ రూలుకీ సంబంధం లేదు.)

కీసర టోల్ దగ్గర కొబ్బరిముక్కలమ్మే కుర్రాడు కరెంటు కార్లకుండే ఆకుపచ్చ నంబర్ ప్లేటు చూసి, "ఎంతొస్తదన్నా?" అని అడిగాడు. బాబాయ్ మొహం వెలిగింది. అలా అడిగేవాడి కోసం ఆయన బయల్దేరినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. నలభై యూనిట్ల బ్యాటరీ, ఇంట్లో మీటరు తిరిగే యూనిట్లే, యూనిట్‌కి ఆరున్నర ఏడు కిలోమీటర్లు, అని మొదలుపెట్టేలోపే వెనక లారీవాడు హారన్ మోగించాడు.

పిన్ని: ఆ అబ్బాయికి కూడా చెప్పాల్సింది, ఎనభై దాటితే ఏం చేస్తారో.

బాబాయ్: నిన్ను ఎవరూ మార్చలేరు.

పిన్ని: మారిస్తే మీకే కష్టం. కొత్తావిడకి మీ బీపీ మాత్ర ఏ రంగో తెలియదు.

(మున్నేరు వంతెన దాటాక బాబాయ్ మళ్ళీ ఉత్సాహంలోకి వచ్చాడు. ఆయనకి కోపం నిలవదు, అదే ఆయన బలహీనత.)

బాబాయ్: ఇటు చూడు, పల్లంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానంటే, చక్రాలు తిరిగే ఊపుకి మోటారే జనరేటర్ అయిపోతుంది. కరెంటు వెనక్కొస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. కాలు తీస్తే కరెంటు!

పిన్ని: మీరు కాలు తీస్తే కరెంటొస్తుందా? నేను కాలు పెట్టాకే మీ ఇంటికి మీటరొచ్చింది.

బాబాయ్: అది మా నాన్న అప్లికేషన్ పెట్టి...

పిన్ని: నాలుగేళ్ళ కింద పెట్టిన అప్లికేషన్. నేను వచ్చిన వారానికి లైన్‌మాన్ వచ్చాడు.

(ఇది నిజమే. మా అమ్మ కూడా చెబుతుంది.)

బాబాయ్: సరేనమ్మా, మహాలక్ష్మివి. కాస్త వెనక్కి వాలు, కింద బ్యాటరీయే రెండు మూడు వందల కిలోలు ఉంటుంది, నువ్వలా ముందుకీ వెనక్కీ ఊగితే...

పిన్ని: అంటే ఇప్పుడు నా బరువు మీదకి వచ్చారు.

బాబాయ్: ఊగితే మీ అమ్మగారు నిద్ర లేస్తారని!

(చిల్లకల్లు టోల్ దాటింది, జగ్గయ్యపేట దాటింది, కోదాడ దాటింది. వారంటీ ఎనిమిదేళ్ళని బాబాయ్ ఒకసారి అన్నాడు. "మా అమ్మకి ఎవరిచ్చారు వారంటీ?" అని పిన్ని అడిగింది. బ్యాటరీ పాతబడే కొద్దీ పట్టు తగ్గుతుందని అన్నాడు. "మొన్న మోకాలి పట్టీ కొన్నాం కదా, వెక్కిరించకండి" అంది. మునగాల దగ్గర బాబాయ్ ఓడిపోయాడు.)

బాబాయ్: ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. షోరూంలో నీకు ఆ ఎర్ర కారు నచ్చింది కదా, ఎందుకు వద్దన్నాను?

పిన్ని: డబ్బులెక్కువని.

బాబాయ్: అది దీనికంటే నలభై వేలు తక్కువ. సీటు కిందకి ఉంది. మీ అమ్మగారు మోకాళ్ళతో దిగలేరు. దీంట్లో అయితే కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి జరిగి దిగిపోవచ్చు. అందుకు.

(ఒక కిలోమీటరు దాకా మాట లేదు. పిన్ని ఆయన కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టింది. బాబాయ్ ఆ నాలుగు క్షణాలూ అంచనా మీదే నడిపాడు. నేను సీటు బెల్టు గట్టిగా పట్టుకున్నాను.)

పిన్ని: ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా. ఎరుపు దొరకలేదని నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

బాబాయ్: రెండు రోజులూ బిర్యానీ తెప్పించావు.

పిన్ని: అదే చెబుతున్నా, అన్నం తినలేదని.

సూర్యాపేటలో ఆగాం. దాబా వెనకాల ఛార్జర్, దానికి రెండు గన్‌లు. ఒకదానికి పాలిథిన్ కవర్ చుట్టి తాడు కట్టారు, అంటే పనిచేయదని. రెండోదానికి బాబాయ్ యాప్ తెరిచి, వాలెట్‌లో డబ్బులేసి, ఓటీపీ కోసం ఫోన్ ఆకాశానికి ఎత్తి, చివరికి తగిలించాడు. టక్కుమని శబ్దం వచ్చింది. 46 శాతం. మేం టీ తాగి, అమ్మమ్మని బాత్రూమ్‌కి తీసుకెళ్ళి, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేసరికి 79.

బాబాయ్: ఇక తీసేద్దాం. ఇది చాలు, హైదరాబాద్ హాయిగా చేరతాం.

పిన్ని: చెయ్యి తీయండి.

బాబాయ్: ఎందుకు?

పిన్ని: మా అమ్మ చూస్తుండగా, ఎనభై దగ్గర గన్ తీస్తారా? నూరు నిండాల్సిందే.

బాబాయ్: పిచ్చా నీకు? ఇప్పటిదాకా పట్టినంత టైము ఈ ఇరవైకీ పడుతుంది, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

పిన్ని: పట్టనీయండి. వెనక ఎవరైనా ఉన్నారా? లేరు. ఉసురు ఎవరిది తగులుతుంది?

బాబాయ్: బ్యాటరీకి మంచిది కాదే.

పిన్ని: (హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారుతో ఇచ్చిన పుస్తకం తీసి, కంది పొడి మరక పడిన పేజీ తెరిచి) చదవండి. "అప్పుడప్పుడు నూరు శాతం వరకు నెమ్మదిగా ఛార్జ్ చేయాలి." ఎల్ఎఫ్‌పీ అనే రకం బ్యాటరీ అట మనది. నూరు నిండితేనే దానికి తన లెక్క తనకి తెలుస్తుందట.

బాబాయ్: నువ్వెప్పుడు చదివావు ఇది?

పిన్ని: అన్నం తినని ఆ రెండు రోజులూ.

బాబాయ్: నెమ్మదిగా అంటే ఇంట్లో, రాత్రి పూట, మామూలు ప్లగ్గు మీద.

పిన్ని: ఇప్పుడు నెమ్మదిగా ఎక్కడం లేదా? మీరే కదా అన్నారు.

(దీనికి జవాబు లేదు. నేను కూడా ఆలోచించాను, దొరకలేదు.)

84, 87. 91 దగ్గర ఇంకో ఆకుపచ్చ ప్లేటు కారు వచ్చి వెనక ఆగింది. "అదుగో, ఉసురు వచ్చింది" అని బాబాయ్ లేచాడు. పిన్ని ఆయనకంటే ముందే చేగోడీల డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. అక్కడ ఏం చెప్పిందో తెలియదు. రెండు నిమిషాల తర్వాత ఆ కుర్రాడు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, అమ్మమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, "నూరు నిండనివ్వండి అంకుల్, మనకేం తొందర" అన్నాడు.

97 దగ్గర అంకె కదలడం మానేసింది. బాబాయ్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పిన్ని బాబాయ్‌ని చూస్తూ బత్తాయి వలిచింది, గింజలు తీసి తొనలు చేతిలో పెట్టింది. ఈలోగా అమ్మమ్మ సంచీలో వెతికి చెవి మిషన్ పెట్టుకుంది.

అమ్మమ్మ: ఇంకా ఎందుకే ఇక్కడ? గృహప్రవేశం అయిపోయాక వెళతామా?

పిన్ని: నీ కోసమేనమ్మా. నూరు నిండాలని.

అమ్మమ్మ: దేనికి నిండాలి?

పిన్ని: నీకు ఎనభై నిండాయి కదా, అక్కడ ఆపకూడదని.

అమ్మమ్మ: నాకు ఎనభై ఎక్కడివే? డెబ్బై ఎనిమిది. బళ్ళో చేర్చేటప్పుడు మా నాన్న రెండేళ్ళు ఎక్కువేయించాడు. మీరు భోజనాలు పెట్టి సరదా పడుతుంటే ఎందుకులే అని ఊరుకున్నాను.

(బాబాయ్ మొహం చూడాల్సింది. గొల్లపూడి నుంచి మోసిన బరువంతా దిగిపోయింది.)

బాబాయ్: అంటే అత్తయ్యగారూ, ఎనభైకి ఇంకా రెండేళ్ళు టైముందన్నమాట!

పిన్ని: దేనికండీ?