బోర్డు పోయింది

ఈ దేశాన్ని ఒక్కటిగా కట్టి ఉంచుతున్నది రాజ్యాంగం అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కాదు, రెండు మాటలు. అవి విన్నది మా పర్లాకిమిడి బజారులోనే.

పోయిన నెల మానిటర్ చంకలో పెట్టుకుని ఒక దుకాణానికి వెళ్ళాను. ఒడియాలో అడిగితే "బోర్డు గలా" అన్నాడు. ఆశ చావక తెలుగులో అడిగాను. "బోర్డు పోయిందండి" అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్లో హిందీ వీడియో పెడితే అందులో ఆయన నమస్తే చెప్పిన వెంటనే "బోర్డ్ గయా" అన్నాడు. 1936 ఏప్రిల్ 1న కొత్తగా పుట్టిన ఒడిశాలో మా ఊరు కలిసిన దగ్గర్నుంచి భాష పేరు చెప్పి ఇక్కడ నడవని తగువు లేదు. మూడు భాషలూ ఒక మాట మీద నిలబడడం నా కళ్ళతో చూడడం ఇదే మొదలు.

దుకాణం అతను మానిటర్ విప్పలేదని కొందరు గిట్టనివాళ్ళు అనొచ్చు. విప్పి చూసి చెప్పడంలో గొప్పేముంది? అతను బల్లకి అవతల నిలబడి, టీ గ్లాసు కింద పెట్టకుండా చెప్పాడు. కొత్త బోర్డు మూడున్నర వేలు, దానికంటే కొత్త మానిటర్ కొనుక్కోవడం మేలు, అదీ తన దగ్గరే ఉంది. రోగం, మందు, అంత్యక్రియలు అన్నీ ఒకే గడపలో.

అసలు రోగం ఏమిటంటే, స్విచ్ నొక్కగానే బొమ్మ వస్తుంది. రెండు సెకన్లు. తరవాత చీకటి. కింద పచ్చ దీపం మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంటుంది. మా అత్తగారు దిష్టి అన్నారు. మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావ, "ఏటి బావా, ఇంకా అలా సూస్తన్నావేటి? ఓపాలి గట్టిగా కొట్టు" అన్నాడు. రేడియోల కాలం నుంచి మా వంశాల్లో నడుస్తున్న వైద్యం అది. కొట్టాను. పచ్చ దీపం కూడా ఒకసారి అదిరి, మళ్ళీ వెలిగింది.

ఆ రాత్రి గదిలో లైటు ఆర్పి, టార్చి పట్టుకుని తెర మీదకి ఏటవాలుగా వేశాను. లోపల ఎక్కడో, బావిలో నీడలాగా, మహేంద్రగిరి మీద మేం తీయించుకున్న ఫోటో కనిపించింది. మా ఆవిడ, పిల్లాడు, మంచు. అంటే బొమ్మ ఉంది, వెనక వెలుగు లేదు. ఇలాంటి పాత ఎల్‌సీడీలో తెర వెనక పుల్లంత సన్నటి ట్యూబ్‌లైట్లుంటాయి. వాటికి వెళ్ళే కరెంటు తడబడితే, కాపలా సర్క్యూట్ రెండు సెకన్లు చూసి వాటిని ఆపేస్తుంది.

మరి పోయింది ఏ బోర్డు? లోపల బొమ్మ చూసుకునే బోర్డు ఒకటి, కరెంటు ఇచ్చే బోర్డు ఒకటి. ఈ ప్రశ్న అడగకపోవడం నా తప్పు కాదు, ఊరి అలవాటు. బజారులో తెలుగు అక్షరాలున్న బోర్డులు ఒక్కొక్కటే పోతుంటే ఏ బోర్డు, ఎందుకు పోయింది అని అడగనివాళ్ళం, మానిటర్ లోపలి బోర్డు గురించి మాత్రం ఏం అడుగుతాం?

స్టాండు స్క్రూలు విప్పి, గడువైపోయిన ఏటీఎం కార్డు అంచు సందులో పెట్టి లాగాను. క్లిప్పు ఊడినప్పుడల్లా టప్‌మనేది. ఆ ప్రతి టప్‌కీ వంటింట్లోంచి "విరిగిందా?" అని ఒక కేక. లోపల కరెంటు ఇచ్చే బోర్డు మీద ఒక పెద్ద డబ్బా కండెన్సర్, అంటే కరెంటుని కాసేపు నిలవ ఉంచుకునేది, ఉంటుంది. గోడలోని 230 వోల్టులు అక్కడికొచ్చేసరికి దాదాపు 325 వోల్టుల డీసీ అవుతాయి. ప్లగ్గు పీకేసినా కొంతసేపు అవి దిగవు, అచ్చం మా మావగారి కోపంలాగే. మర్నాటిదాకా ఆగి, మల్టీమీటర్ పెట్టి, ముల్లు సున్నా దగ్గర పడ్డాకే వేలు పెట్టాను.

(వాటిని కెపాసిటర్లు అనాలని మా పిల్లాడు సరిచేశాడు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు కొట్లాడిన ఊళ్ళో పుట్టి, మెకానిక్కులందరూ కండెన్సర్ అంటుంటే నేను వేరే మాట వాడలేను.)

పక్కనే వరసగా చిటికెన వేలి గోరంత చిన్న కండెన్సర్లు. వాటి తల చదునుగా ఉండాలి. లోపలి ద్రవం వేడికి ఆవిరై ఒత్తిడి పెరిగితే చిట్లడానికి పైన కత్తిగాటు ముందే పెట్టి ఉంటుంది. రెండింటి తలలు నూనెలో వేసిన పూరీల్లా పొంగాయి. ఒకదాని గాటు దగ్గర గోధుమరంగు జిగురు ఎండిపోయి ఉంది. ట్యూబ్‌లైట్లకి వెళ్ళే కరెంటు తడబడింది వీటివల్లే. వాటి ఒంటి మీద 1000 మైక్రోఫారడ్ (ఎంత నిలవ ఉంచుకుంటుందో ఆ లెక్క), 16 వోల్టులు అని ఉంది. బోర్డు పోవడమంటే ఇదీ.

మా బజారులో అవి దొరకలేదు. కాబట్టి సైకిలెక్కి పరాయి రాష్ట్రం వెళ్ళాను. పాతపట్నం అంటే సరిహద్దు దాటగానే ఆంధ్ర. అక్కడ మూలనున్న చిన్న కొట్టులో ముసలాయన కళ్ళజోడు పైకి తోసి "ఎనభయ్యైదా, నూటయిదా?" అని అడిగాడు. తట్టుకునే వేడి లెక్క అది. 105 డిగ్రీలది తీసుకున్నాను. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు ఎక్కువైనా ఫరవాలేదు, తగ్గకూడదు. అందుకని 25 వోల్టులవి ఇచ్చాడు. రెండూ కలిపి ఇరవై రూపాయలు. ఈ అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు.

కండెన్సర్ ఒంటి మీద గీత ఉన్నవైపు మైనస్. తిరగేసి పెడితే పేలుతుంది. ఈ ముక్క చెప్పగానే టార్చి పట్టుకున్న బావ గుమ్మం దాకా జరిగి, అక్కణ్ణుంచి వెలుగు వెయ్యడం మొదలుపెట్టాడు. సోల్డరింగ్ పొగ గుగ్గిలం వాసన వేసింది. అత్తగారు సంతోషించారు.

స్విచ్ నొక్కాను. ఒకటి. రెండు. మూడు అని బావ పైకే లెక్కపెట్టాడు. పదిహేడు దాకా లెక్కపెట్టి, "నాను ముందే సెప్పాను కదేటి, చిన్న కండెన్సరే అని" అన్నాడు.

సాయంత్రానికి వీధంతా చాటేశాడు. మర్నాడు పొద్దున్నే పక్కింటి పెద్దాయన ఇద్దరు కుర్రాళ్ళ చేత వెనక బుర్ర ఉన్న పాత టీవీ మోయించుకొచ్చి మా అరుగు మీద దింపించారు. "చిన్న కండెన్సరే కదా బాబూ, ఓపాలి సూద్దూ" అన్నారు. ఆ పిక్చర్ ట్యూబులో నడిచేది ఇరవై వేల వోల్టులకు పైమాటే, ఆపేశాక కూడా చాలాసేపు అందులోనే కూర్చుంటుంది. నేను రెండడుగులు వెనక్కి వేసి, టీ గ్లాసు కింద పెట్టకుండా, కాసేపు దాన్ని తేరిపార చూశాను.

"బోర్డు పోయిందండి" అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి, కుర్రాళ్ళని మళ్ళీ ఎత్తమన్నారు.