ఫోన్ పక్కన పెట్టరా, నేను చూసుకోవాలి

పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ఇళ్లలో పెద్దలు తీవ్ర ఆందోళన చెందుతున్నారు. ఆ ఆందోళనను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా పంచుకుంటున్నారు కూడా. బాధ్యత అంటే అదీ!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే లెక్క తేల్చింది. ఏడాదిలోపు పసివాళ్లకు తెర అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు, ఇంకా తగ్గితే మరీ మంచిది. మన శిశువైద్యుల సంఘం కూడా రెండేళ్లలోపు తెర వద్దంటూనే, బంధువులతో అప్పుడప్పుడూ వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ సందు చాలదూ మనకు? డాలస్‌లో ఉన్న మనవడు గుంటూరు అమ్మమ్మను రోజూ చూస్తున్నాడు. చూసేది ఆవిడ నుదుటిబొట్టు, వెనకాల తిరిగే ఫ్యాను అనుకోండి. అయినా బంధుత్వం బంధుత్వమే.

ఇక అన్నం సంగతి. స్టీలు గ్లాసుకు ఆనించి ఫోన్ నిలబెడతాం. బొమ్మలు ఆడుతున్నంతసేపూ పప్పన్నం ముద్దలు గుటుక్కు గుటుక్కున దిగుతాయి. మధ్యలో ప్రకటన వచ్చిందా, నోరు టక్కున మూసుకుంటుంది. ‘స్కిప్’ నొక్కుదామంటే తల్లి చేతినిండా పప్పు. మణికట్టుతో పొడుస్తుంది, తెర పలకదు. చివరికి రెండేళ్ల బుడతడే విసుగ్గా వేలు చాచి నొక్కేసి, మళ్లీ నోరు తెరుస్తాడు. ‘మావాడికి అన్నీ తెలుసండీ’ అని ఆ సాయంత్రమే పక్కింటావిడకు గర్వంగా చెబుతాం.

అందుకే ఇంటింటా ఒక నియంత్రణ కమిటీ ఉండాలి. అధ్యక్షుడు తాతయ్య, వార్తాచర్చలో అరుపులు ఆగిన విరామంలో తీర్పులిస్తారు. సీరియల్ అయ్యాక నానమ్మ. నాన్న మాత్రం బాత్రూంలోంచే సంతకం పెడతారు. రీల్స్ చూస్తున్నారని ఎవరన్నా అనుకుంటే అది వాళ్ల సంస్కారం, ఆయన ఆఫీసు మెయిళ్లు చూసుకుంటున్నారు. రాత్రి ఎనిమిది తర్వాత పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదని ఏకగ్రీవ తీర్మానం. ఎనిమిదీ అయిదుకు బడి గ్రూపులో హోంవర్క్ పడుతుంది.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు బంద్. మనమూ అంత గట్టి చట్టమే తెచ్చుకోవాలి, కాకపోతే వయసు దగ్గర చిన్న సవరణ చేసి 60 పైబడినవాళ్లకు వర్తింపజేయాలి. గుడ్ మార్నింగ్ గులాబీలు, కాన్సర్‌ను తరిమేసే కషాయాలు, ఫార్వార్డ్ చేయకపోతే అరిష్టం తెచ్చే దేవుళ్లు ఒక్కరోజులో ఆగిపోతాయి. అమలు బాధ్యత ఇంట్లో ఎవరికివ్వాలంటారా? మూడో తరగతి చదివే మనవడికి. తాతయ్య ఫోన్ ప్యాటర్న్ తాతయ్యకే గుర్తుండదు, వాడికి తెలుసు.