సీసాలో కాపురం

(వంటగది గట్టు మీద ఒక గాజు సీసా. దాని నడుముకు రబ్బరు బ్యాండు. సోర్‌డో స్టార్టర్, అంటే పుల్లటి బ్రెడ్డు పొంగడానికి పిండి, నీళ్ళు కలిపి పులియబెట్టే ముద్ద, కలిపి నాలుగో రోజు.)

భర్త: నా స్టార్టర్ చచ్చిపోయింది. మొన్న మూతను ఎత్తిపడేసినంత పని చేసిన పిండి, ఈరోజు ఒక్క బుడగైనా లేకుండా చతికిలబడింది. నువ్వు దాన్ని ఏమైనా అన్నావా?

భార్య: పిండితో మాట్లాడే అలవాటు ఈ ఇంట్లో మీ ఒక్కరికే ఉందండీ. అది చావలేదు. మొన్నటి పొంగు, బ్రెడ్డును పొంగించే ఈస్ట్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చినది కాదు. పిండిలో ముందునుంచే ఉన్న మరేవో బ్యాక్టీరియాలు వదిలిన వాయువు వల్ల వచ్చింది. పులుపు పెరిగేసరికి అవి నిలవలేక తగ్గిపోయాయి, ఆ పులుపును తట్టుకోగల ఈస్ట్ ఇంకా పుంజుకోలేదు కాబట్టి సీసా ఇప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

భర్త: అంటే నేను ఫొటో తీసి చుట్టాలందరికీ పంపింది, దారినపోయే బ్యాక్టీరియా ఘనకార్యాన్నా?

భార్య: పంపడమే కాదు, దానికి పేరు కూడా పెట్టారు.

భర్త: సరే, దీన్ని పారేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను.

భార్య: అలా చేస్తే వచ్చే నాలుగో రోజున కూడా ఇదే ఏడుపు ఏడుస్తారు. రోజూ 50 గ్రాములు మాత్రం ఉంచి మిగతాది తీసేసి, దానికి 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్ళు కలిపి, 24 నుంచి 26 డిగ్రీల వెచ్చదనం ఉండే చోట పెట్టండి. వారం పట్టవచ్చు, రెండు వారాలూ పట్టవచ్చు. పొట్టు తీయని గోధుమపిండిని కొంత కలిపితే త్వరగా పుంజుకుంటుంది, ఎందుకంటే ఆ సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది గింజ పైపొరలోనే.

భర్త: ఆ తీసేయడమే నాకు మింగుడుపడటం లేదు. నేను ఏమీ తీయకుండా మేపుతాను.

భార్య: అలాగే మేపండి, లెక్క నేను చెబుతాను. 50 గ్రాములు ఈరోజు 150 అవుతుంది. అదే పాళ్ళలో మేత వేస్తూ పోతే రేపు 450, ఎల్లుండి 1350, ఆ మర్నాడు నాలుగు కిలోలు దాటుతుంది. అప్పుడు వంటగది దానికి వదిలేసి మనం వరండాలో కాపురం పెట్టాలి. పోనీ, మేత తగ్గిస్తే ఆకలికి పైన నల్లటి నీరు తేలుతుంది.

భర్త: నిన్న తేలింది! కుళ్ళిపోయిందనుకొని రాత్రంతా నిద్రపోలేదు.

భార్య: ఆ నీటిని వంచేసినా, కలిపేసినా నష్టం లేదు. గులాబీ రంగు చారలో, నారింజ రంగు చారలో, బూజో కనబడితే మాత్రం, పేరు పెట్టిన మమకారం కూడా చూసుకోకుండా మొత్తం పారేయాలి.

(కొన్ని రోజుల తర్వాత.)

భర్త: చూశావా! రబ్బరు బ్యాండు దాటి సరిగ్గా రెట్టింపు పొంగింది.

భార్య: బ్యాండు మీద నాకు నమ్మకం లేక, మీరు మేత వేసినప్పుడే పిండి ఎంతవరకు ఉందో సీసా వెనకవైపు పెన్నుతో గీత గీశాను. పిండి ఆ గీతకు వేలెడు పైన ఉంది. బ్యాండు మాత్రం జారి గీతకు రెండు వేళ్ళు కింద ఉంది.

భర్త: నన్ను అనుమానించావన్నమాట.

భార్య: మిమ్మల్ని కాదు, బ్యాండును. మేత వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో, వరుసగా రెండు మూడు రోజులు, గీత సాక్షిగా రెట్టింపు కానివ్వండి. అప్పుడు బ్రెడ్డుకు 500 గ్రాముల పిండికి 350 గ్రాముల నీళ్ళు, 100 గ్రాముల స్టార్టర్, 10 గ్రాముల ఉప్పు కలుపుదాం.

భర్త: కలిపిన గంటకు తినవచ్చా?

భార్య: కలిపాక కొన్ని గంటలు గట్టు మీద పొంగాలి, చుట్టి మలిచాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. మర్నాడు 240 డిగ్రీల వేడిలో, మూత ఉన్న బరువైన గిన్నెలో 20 నిమిషాలు, మూత తీసి మరో 20 నిమిషాలు కాలాలి.

భర్త: అమ్మయ్య! ఓవెన్‌లోంచి తీయగానే వేడివేడిగా...

భార్య: తీశాక కనీసం గంట ఆరాలి. ఆరకుండా కోస్తే లోపలి భాగం బంకబంకగా ఉంటుంది.

భర్త: ఇన్ని రోజులు ఆగిన వాణ్ణి, ఇంకొక గంట ఆగలేననుకున్నావా?

భార్య: ఆగగలరనే నమ్ముతున్నాను. ఆ గంటసేపూ కత్తి మాత్రం నా దగ్గర ఉంటుంది.