పట్నంలో తిండికి రోజుకు ఐదు వేలా? ఎవరు చెప్పారన్నా!

సెలవులు దగ్గరికొచ్చాయంటే చాలు, మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. మిర్యాలగూడ వాళ్లు నల్లగొండకు పంపుతారు, నల్లగొండ వాళ్లు దేవరకొండకు, అక్కడి నుంచి కల్వకుర్తి మీదుగా పాలమూరు. అందులో ఉన్న సంగతి ఇంతే: నలుగురున్న కుటుంబం హైదరాబాద్ పోతే తిండికే రోజుకు ఐదు వేలు తక్కువ కాదు, చౌక హోటల్లో తింటే ఆసుపత్రి పాలే, కాబట్టి మూడు పూటలా సద్ది కట్టుకుపోవాలి, అది కుదరకపోతే లాడ్జిలో కూర్చుని యాప్‌లో తెప్పించుకుంటే సగం ధరకే వస్తుంది, ఐదు రూపాయల భోజనం మనలాంటి వాళ్లకు పెట్టరు, హోటల్లో నీళ్ల బాటిల్‌కు ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ అడిగినా కేసు పెట్టొచ్చు. ఒక్కొక్కటి చూద్దాం.

ముందు ఆ ఐదు వేల లెక్క. అంత ఖర్చు పెట్టలేమని నేను అనను, పెట్టొచ్చు, నిమ్మళంగా పెట్టొచ్చు. పొద్దున చిట్యాల దగ్గరో షాద్‌నగర్ దగ్గరో హైవే మీద మెరిసిపోయే హోటల్లో టిఫిన్, మధ్యాహ్నం మాల్‌లో పై అంతస్తు ఫుడ్ కోర్టు, సాయంత్రం నెక్లెస్ రోడ్డులో పిల్లలు ఏది చూపిస్తే అది, రాత్రి ఫోన్‌లో వీడియో చూసి ఎంచుకున్న ఏసీ బిర్యానీ హోటల్ అయితే ఐదు వేలు ఎక్కడికి పోయాయో తెలియదు. కానీ అది పట్నం ధర కాదు, ఆకలి ఎక్కడ వేస్తే అక్కడే కూలబడిన ధర. చూడటానికి వచ్చినవాళ్లు తినేచోట ఒక రేటు, అక్కడ బతికేవాళ్లు తినేచోట ఒక రేటు. రెండింటి మధ్య దూరం చాలాసార్లు రెండు బస్‌స్టాపులే. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ డబ్బులే లేవు, ఆధార్ చూపిస్తే సరిపోతుంది. తినడానికి రెండు స్టాపులు అవతలికి పోవడానికి ఇంకేం అడ్డం?

ఎక్కడికి పోవాలంటారా? హాస్టల్ పిల్లలు ఎక్కడ తింటారో అక్కడికి. మన నల్లగొండ బస్సు దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే పోతుంది కదా, అక్కడి సందుల్లో కోచింగ్ పిల్లల కోసమే నడిచే మెస్సులు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు బోలెడు. అమీర్‌పేట అంతే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూసేవాళ్లయితే పక్కనే చిక్కడపల్లి, అశోక్‌నగర్: గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఏళ్ల తరబడి అక్కడే తిని బతుకుతున్నారు, వాళ్ల జేబులో ఐదు వేలు నెలాఖరు దాకా రావాలి. ఒక చిన్న కిటుకు. ఫుల్ మీల్స్ ఒకటి తీసుకుని పిల్లాడికి కూడా పెడదామంటే చాలాచోట్ల ఒప్పుకోరు, గోడ మీదే రాసి పెడతారు. అదే ప్లేట్ మీల్స్ అయితే అడిగేవాడు లేడు. పెద్దవాళ్లకు రెండు, పిల్లలిద్దరికీ కలిపి ఒకటి, పెరుగు కప్పు ఒకటి అదనంగా.

చుట్టాలింట్లో దిగినా, వంటగది లేని లాడ్జిలో దిగినా కర్రీ పాయింట్‌ను మించింది లేదు. పప్పు ఒక పొట్లం, వేపుడు ఒక పొట్లం, సాంబారు, అన్నం విడిగా. రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. రాత్రి తొమ్మిది దాటాక పోతే మాత్రం మిగిలేది సొరకాయే.

పాతబస్తీకి పోతే ఇరానీ హోటల్లో ఒక సంగతి కనిపెట్టి ఉండాలి. టీ చెప్పి కూర్చోగానే వెయిటర్ అడక్కుండానే ఒక ప్లేట్‌లో సమోసాలు, బిస్కెట్లు తెచ్చి టేబుల్ మీద పెట్టిపోతాడు. అది మర్యాదకు పెట్టింది కాదు. లేచేటప్పుడు ప్లేట్ చూసి ఎన్ని తగ్గాయో లెక్కేసి బిల్లు చెప్తాడు. ఇందులో మోసం ఏమీ లేదు, అక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, కాకపోతే మన పిల్లలకు తెలియదు కదా, మనం చార్మినార్ వైపు చూసి తల తిప్పేలోపు ప్లేట్ సగం ఖాళీ. వద్దనుకుంటే ముందే 'తీసేయ్ భాయ్' అంటే తీసేస్తాడు.

ఇప్పుడు నా లెక్క. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. బండి దగ్గర ఇడ్లీ దోశ దాదాపు రెండు వందలు, మధ్యాహ్నం మూడు ప్లేట్ మీల్స్ మూడు వందల యాభై వేసుకోండి, సాయంత్రం టీలు, ఉస్మానియా బిస్కెట్లు నూట ఇరవై, రాత్రి మామూలు హోటల్లో రెండు సింగిల్ బిర్యానీలు నలుగురు పంచుకుంటే ఐదారు వందలు. పన్నెండు పదమూడు వందల్లో రోజు గడిచిపోతుంది, ఐస్‌క్రీమ్ కొనిచ్చినా పదిహేను వందలు దాటదు.

రెండోది, చౌక అంటే రోగం, ఏసీ అంటే శుభ్రం అనే మాట. 2024లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు హైదరాబాద్‌లో వరుసగా తనిఖీలు చేసినప్పుడు పేరున్న పెద్ద హోటళ్ల వంటగదుల్లో కూడా గడువు దాటిన సరుకులు, బొద్దింకలు బయటపడ్డాయి, పేపర్లలో రోజూ చదివాం. అద్దాల తలుపు వెనక వంటగది మనకు కనపడదు, బండి వాడి పెనం మన ముక్కు ముందే ఉంటుంది. అలాగని ప్రతి బండీ మంచిదనట్లేదు. మన కళ్లముందు వేడిగా దించింది తినండి, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, ఎప్పుడు కలిపాడో తెలియని చట్నీ, ఐస్ వేసిన జ్యూస్ వదిలేయండి. మయోనీస్ సంగతి తెలిసిందే, మోమోలు తిని జనం ఆసుపత్రి పాలయ్యాక పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను 2024 అక్టోబరు 30 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే ఏడాది పాటు నిషేధించింది. జనం ఎక్కువున్న బండి చూసుకోండి, సరుకు నిలవ ఉండదు.

మూడోది సద్ది. సద్ది మీద నాకు కోపం లేదు, పులిహోర, సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం, వీటిని మించిన ప్రయాణపు తిండి ఏ హోటల్లో ఉంది? కానీ మెసేజ్‌లో రాసింది మూడు పూటలకూ అన్నం, కోడికూర, గుడ్లు పొద్దున్నే వండి కట్టుకుపొమ్మని. నాలుగు గంటలకు వండిన కోడికూర డబ్బా మూతపెట్టి, నడి ఎండాకాలంలో జూపార్కు అంతా తిప్పి, మధ్యాహ్నం రెండింటికి పిల్లలకు పెడతారా? వండిన అన్నం అయినా అంతే, వేడిగా మూతపెట్టి గంటల తరబడి ఉంచితే అందులో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పులిహోర ఆగుతుందంటే అందులో చింతపండు పులుపు ఉంది కాబట్టి. మామూలు అన్నానికి ఆ ధీమా లేదు. ఇంటి తిండి కాబట్టి ఏమీ కాదు అనుకోవడానికి బ్యాక్టీరియాకు మన ఇంటిపేరు తెలియదు కదా. పొద్దుటి పూటకు సద్ది కట్టుకోండి, హైవే హోటల్ ఖర్చు తప్పుతుంది. మిగతా పూటలు వేడిగా బయట తినండి. ఇంకో మాట, ఆ మూడు పూటల వంటకు తెల్లవారుజామున రెండింటికి లేచేది మెసేజ్ ఫార్వర్డ్ చేసిన బాబాయి కాదు, పిన్ని.

యాప్‌లో సగం ధర అనేది వట్టి మాట. చాలా హోటళ్లు యాప్‌లో పెట్టే రేటే హోటల్ రేటు కన్నా ఎక్కువ ఉంటుంది, దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు, ట్యాక్సు. డిస్కౌంట్ తీసేది వాళ్లే పెంచిన దాంట్లోంచి. పైగా ఇంత దూరం వచ్చి లాడ్జి గదిలో తలుపేసుకుని తినడమేంది!

ఐదు రూపాయల భోజనం మనకు పెట్టరన్నది పచ్చి అబద్ధం. 2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలైన పథకం ఇది, అన్నపూర్ణ అనేవాళ్లు, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా పేరు మారింది, హరేకృష్ణ మూవ్‌మెంట్ వాళ్లు వండుతారు, మిగతా ఖర్చు జీహెచ్ఎంసీ భరిస్తుంది. రేషన్ కార్డు అడగరు, ఏ ఊరని అడగరు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి. 2025లోనే ఐదు రూపాయల టిఫిన్ కూడా మొదలుపెట్టారు. చాలాచోట్ల నిలబడి తినాలి, లైన్‌లో ఉండాలి, ఆలస్యమైతే అయిపోతుంది, చంకలో పిల్లతో అది కష్టమే. ఆసుపత్రి పని మీద పోయినవాళ్లకు మాత్రం పెద్ద ఆసరా.

చివరిది బాటిల్ కేసు. బస్టాండులో కొట్టువాడు ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి అడిగినా తప్పే, గట్టిగా అడగండి. కానీ కూర్చోబెట్టి వడ్డించే హోటల్ సంగతి వేరు, అక్కడ ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి మెసేజ్ చూపించి కౌంటర్ దగ్గర పోట్లాడితే మనకే చిన్నతనం. వెయిటర్ 'మినరలా, నార్మలా' అన్నప్పుడు నార్మల్ అనండి, ఆ నీళ్లు నచ్చకపోతే సంచిలో మీ బాటిల్ ఉండనే ఉంది. ఫ్లోరైడ్ జిల్లా వాళ్లం, నీళ్లు వెంట పెట్టుకుపోవడం మనకు ఒకరు చెప్పాలా!

నిజంగా అడగాల్సింది బిల్లు కింద ఉండే సర్వీస్ చార్జి. అది కట్టి తీరాలని ఏమీ లేదు. బిల్లులో దానంతట అది కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. తీసేయమంటే తీసేయాలి, మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఐదు శాతం జీఎస్టీ మాత్రం న్యాయమైనదే, అయితే కాంపోజిషన్ పద్ధతిలో, అంటే పన్ను తన చేతి నుంచే కట్టే పద్ధతిలో, ఉన్న చిన్న హోటల్ దాన్ని విడిగా వసూలు చేయకూడదు, ఆ సంగతి వాళ్ల బిల్లు మీదే రాసి ఉండాలి, డబ్బులిచ్చే ముందు ఒకసారి పైనుంచి కిందికి చదవండి.