పడిపోయిన చేతికీ నొప్పి ఉంటుంది

పక్షవాతం వచ్చినవాళ్లను మంచం మీంచి లేపాలంటే మనం ముందు పట్టుకొని గుంజేది ఆ పడిపోయిన చెయ్యే. అందులో చలనం లేదు కదా, నొప్పేముంటుందని ధీమా. మునుగోడు దగ్గరి ఊళ్లో మా పెద్దమ్మకు ఇదే జరిగింది. మాట కూడా పడిపోవడంతో అరవలేకపోయేది. రవిక తొడిగేటప్పుడల్లా నొసలు ముడిచి, మంచి చేత్తో మంచం పట్టె బిగించి పట్టుకునేది. "అత్తమ్మకు కోపం ఎక్కువైంది" అనుకుంది కోడలు. కండరాల బిగువు తప్పి భుజం కీలు జారిందని రెండు నెలలకు ఫిజియోథెరపీ ఆయన చెబితేగానీ తెలియలేదు.

డాక్టర్ స్కానింగ్ చూస్తాడు, బీపీ చూస్తాడు. ఒళ్లు తిప్పి, బట్టలు మార్చి, ఆ ముఖం చూసేది సిస్టరే. అయితే నేను చూసిన కేస్‌షీట్లలో పల్స్, టెంపరేచర్ ఉన్నాయి, నొప్పి గడి మాత్రం లేదు. రాత్రి వార్డంతటికీ ఒక్కతే ఉన్న సిస్టర్‌ని తప్పుపట్టి లాభం లేదు. అడగాల్సిన పనుల్లో నొప్పిని చేర్చనివాళ్లదే తప్పు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. పదికి ఎన్ని మార్కులంటే మర్రిగూడ ముసలమ్మకు ఏం తెలుస్తుంది? చారాణా నొప్పా, ఆఠాణానా, రూపాయి నిండా ఉందా అంటే టక్కున చెబుతుంది. మాట లేకపోతే వేళ్లు చూపిస్తుంది. మంటలు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు అందంటే అది నరాల నొప్పి కావచ్చు. దానికి పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు, గాబాపెంటిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్ల మన నల్గొండ వైపు ఈ మాటలను ఇంకా శ్రద్ధగా వినాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఎముక మందమై, వెన్నుపామును నొక్కేదాకా పోవచ్చు. మిషన్ భగీరథ పథకం కింద మంచి నీళ్లొచ్చినంత మాత్రాన వంగిన నడుము నిటారు కాదు.

వెన్ను పైభాగంలో దెబ్బతిన్నవాళ్ల సంగతి మరీ విచిత్రం. మూత్రం పైపు మడత పడినా కడుపులో నొప్పి తెలియదు. తల పగిలిపోతుంది, చెమటలు పడతాయి, బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. తలనొప్పి మాత్ర ఇచ్చేముందు దుప్పటి ఎత్తి పైపు చూడాలి.

పెద్దమ్మ డిశ్చార్జి కాగితంలో ఐదు రకాల మాత్రలు రాసి ఉన్నాయి. చెయ్యి కింద దిండు పెట్టమని, చెయ్యి గుంజకుండా నడుం దగ్గర పట్టి లేపమని ఒక్క ముక్క లేదు. ఆ పది నిమిషాలు కోడలిని పక్కన నిలబెట్టి చూపించడం కూడా వైద్యంలో భాగమని ఆస్పత్రులు డ్యూటీ చార్టులోనే రాసిపెట్టాలి.