ఇంటిపేరు తర్వాత అడుగుదురు, ముందు ఆవిడ పేరు అడగండి

పోయిన సంక్రాంతి తర్వాత డర్బన్ నుంచి ఒక పెద్దావిడ మా శ్రీకాకుళం వైపు వచ్చారు. రిటైరైన టీచర్. చేతిలో ఒక జిరాక్స్ కాగితం. వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మ మద్రాసులో ఓడెక్కి, దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న నాటాల్‌కి తోటల కూలీగా వెళ్ళినప్పుడు రాసుకున్న వివరాలు అందులో ఉన్నాయి. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు 22, కులం, ఊరు, ఠాణా, జిల్లా. అంతే. మూడు రోజులు ఆవిడతో కలిసి ఊళ్ళు తిరిగాను. ఆ మూడు రోజుల్లో పడ్డ బాధ ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఏ ఊరి రచ్చబండ దగ్గర ఆగినా మొదటి ప్రశ్న "ఇంటిపేరేటమ్మా?" రెండోది "ఎవుళ్ళు మీరు?", అంటే ఏ కులమని. ఆవిడ మొదటిదానికి జవాబు చెప్పలేకపోయారు. ఆ ఓడ జాబితాల్లో ఇంటిపేరుకి గడే లేదు. అక్కడికి వెళ్ళాక తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. డర్బన్‌లో ఇవాళ అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనే ఇంటిపేర్లు ఉన్నాయంటే, అవి ఒకప్పుడు మన అప్పలస్వామి, అప్పలరాజు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న మనుషులు. ఆ పేరు వినగానే ఇది ఉత్తరాంధ్ర కుటుంబమని మనకి తెలిసిపోవాలి. కానీ మనం ఇంటిపేరు కలవలేదని "మా ఊరోళ్ళు కాదులే" అని లేచి వెళ్ళిపోతాం.

పైగా ఆ ఇంటిపేరైనా మగవాడిదే. ఆవిడ వెతుకుతున్నది అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మకి అమ్మ, ఆవిడకి అమ్మ. ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారిపోయింది. ఆ దారిలో చేతికి దొరికే తాడు ఆ నెంబరు ఒక్కటే. మనుషుల్ని సరుకులా లెక్కపెట్టడానికి వేసిన నెంబరు అది, అందులో గొప్పేమీ లేదు. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ కాలపు పేద తెలుగు ఆడమనిషికి తన పేరుతో, తన ఊరితో మిగిలిన కాగితం దాదాపు అదొక్కటే. మన వైపు రెవెన్యూ రికార్డుల్లో ఉండేది భూమి ఉన్నవాళ్ళు. అది కూడా జమీందారీ ఊళ్ళయితే 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా రైతులే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే రైతువారీ ఊళ్ళలో ఉన్నట్టు రిజిస్టర్లు ఉండవు. కౌలు కూడా లేని ఇంటి కూతురు ఎక్కడ కనిపిస్తుంది?

జిల్లా పేరు దగ్గర ఇంకో దెబ్బ. కాగితం మీద "గంజాం" అని ఉంది. పాపం ఆవిడ నేరుగా ఒడిశాలో బరంపురం వెళ్ళి రెండు రోజులు తిరిగారు. అప్పటి గంజాం వేరు. చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలోనే ఉంది. తర్వాత విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. అలాగే చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. నాటాల్ వలస ఆగిపోయింది కూడా అదే ఏడాది. కాబట్టి కాగితం మీద "ఉత్తర ఆర్కాటు" అని ఉన్నవాళ్ళంతా తమిళులే అనుకోకండి, వాళ్ళలో చిత్తూరు వైపు తెలుగువాళ్ళు ఉండొచ్చు. విదేశాల నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఈ ముక్క చెప్పేవాళ్ళు లేక ఎంత డబ్బు, ఎంత ఓపిక వృథా అవుతోందో! ఇక ఊరి పేరంటారా, గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. మా కాగితంలో ఉన్న అక్షరాలు మూడు ఊళ్ళకి సరిపోతాయి.

అసలు కోపం వచ్చింది రెండో ఊళ్ళో. ఒకాయన, చదువుకున్న మనిషే, ఆవిడ ముందే అన్నాడు: "ఆ రోజుల్లో ఒంటరిగా ఓడెక్కిన ఆడదంటే... మంచి కుటుంబం అయ్యుండదులెండి." ఆవిడకి తెలుగు అంతగా రాదు, కానీ ఆ గొంతు అర్థమైంది. మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఆ మాట మనం పుట్టించింది కూడా కాదు. తోటల యజమానులు, తెల్ల అధికారులు రాసి పెట్టిన మాట అది. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది వెళ్ళారు, సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు మీదుగానే. ప్రతి 100 మంది మగవాళ్ళకి 40 మంది ఆడవాళ్ళు ఉండాలని రూలు పెట్టింది సర్కారే. ఆ లెక్క నింపడానికి ఏజెంట్లు వితంతువుల్ని, మొగుడు వదిలేసినవాళ్ళని, కరువులో పుట్టింటికి భారమైనవాళ్ళని వెతికి పట్టుకున్నారు. మగవాడికి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఆడమనిషికి అందులో సగం. 1895 చట్టం తర్వాత ఓడెక్కినవాళ్ళు అయిదేళ్ళ గిరిమిట్, అంటే కూలి ఒప్పందం, అయ్యాక స్వేచ్ఛగా అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను. ఆడవాళ్ళకి కూడా, తర్వాత 13 ఏళ్ళు నిండిన ఆడపిల్లకి కూడా! 1913లో కోర్టు క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళి పెళ్ళే కాదంది. ఇన్ని తట్టుకుని పిల్లల్ని పెంచి, వాళ్ళలో ఒకరిని టీచర్ని చేసేదాకా వచ్చిన వంశం అది. "మంచి కుటుంబం" అంటే ఇంకేం కావాలి మనకి?

మూడో ఊళ్ళో మాత్రం ఒక ముసలమ్మ దొరికింది. ఇంటిపేరు అడగలేదు. "దాని పేరేటి?" అంది. చెప్పాం. కాసేపు ఆలోచించి, "ఆ అమ్మోరి పేరు మా కాడ ఎవులూ పెట్టుకోరు. ఏటికి అవతల ఊళ్ళలో పెడతారు. అక్కడ ఆ తల్లి గుడి ఉంది" అని చెయ్యి చూపించింది. తర్వాత, "మా యత్త చెప్పేది, ఆ కాలంలో ఒకర్తి రంగం పోనాదని, మరి రానేదని" అంది. మా వైపు సముద్రం దాటిన వాళ్ళెవరైనా రంగం పోయినట్టే. అది రంగూనో, నాటాలో, మారిషసో ఊళ్ళో ఎవరికి తెలుసు? రెండు రోజులుగా మగపెద్దలు చెప్పలేని దారిని ఆ ముసలమ్మ ఒక్క పేరుతో చూపించింది. గ్రామదేవతల పేర్లు పిల్లలకి పెట్టుకునే ఆనవాయితీ ఆ తరం ఆడవాళ్ళకే గుర్తుంది. వాళ్ళు పోతే ఆ దారి కూడా పోతుంది.

ఏటికి అవతల ఊరికి వెళ్ళాం. గుడి ఉంది. మనుషులు దొరకలేదు, అక్కడ ఆ తండ్రి పేరు గుర్తున్నవాళ్ళు లేరు. ఆవిడ గుడి అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. సెలవు అయిపోయి మర్నాడే విమానం.

నేను ఇంటికొచ్చి, మా వాళ్ళు ఎంతో గర్వంగా అచ్చేయించిన వంశవృక్షం తీశాను. ఏడు తరాలు. మగవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. మూడో తరం దాకా ఆడవాళ్ళ చోట "భార్య" అని మాత్రమే ఉంది. కూతుళ్ళయితే ఆ మాటకి కూడా నోచుకోలేదు. మా అమ్మకి ఫోన్ చేసి, వాళ్ళ అమ్మమ్మకి అమ్మ పేరేంటని అడిగాను. "నరసన్నపేట పిల్లనేవారు, పేరు తెలీదే" అంది. నాటాల్ పోయినావిడ పేరు, వయసు నూరేళ్ళ పైబడి ఒక రిజిస్టర్లో భద్రంగా ఉన్నాయి. ఊళ్ళో ఉండిపోయిన మా ముత్తవ్వకి ఊరి పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

ఈ వారం నుంచి మా ఇంట్లో 80 దాటిన ఆడవాళ్ళందరి దగ్గర కూర్చుని రాసుకుంటున్నాను. పేరు, పుట్టిల్లు, ఆ పేరు ఎందుకు పెట్టారు, తోబుట్టువులెవరు. మీరూ అడగండి, సెలవులకి వెళ్ళినప్పుడు కాదు, ఇప్పుడే. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి వైపు మీ ఇంట్లో ఎవరైనా "మా మేనత్త ఒకర్తి రంగం పోయింది, మరి రాలేదు" అని చెప్పుకుంటే, ఆవిడ పేరు ఇక్కడ రాయండి. సిగ్గుపడకండి. డర్బన్‌లో ఒక టీచరమ్మ రోజూ చూస్తున్నారు.