సవరణ: సర్కారు కోర్టుకెళ్లినంత మాత్రాన ఆర్బిట్రేషన్ అవార్డు ఆగదు

ఆర్బిట్రేషన్ అవార్డంటే కోర్టు బదులు మధ్యవర్తి ఇచ్చే తీర్పు. మొన్నటి పోస్టులో "ఆర్బిట్రేషన్ అవార్డు మీద ప్రభుత్వం పిటిషన్ వేస్తే చాలు, అమలు ఆగిపోతది, డిపాజిట్ కూడా కట్టక్కర్లేదు" అని రాసిన. రెండు మాటలూ తప్పే. పాత చట్టం పట్టుకొని రాసిన, పొరపాటు నాదే.

1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద మొదట్లో సెక్షన్ 34 పిటిషన్ (అవార్డు కొట్టేయమని అడిగేది) పడగానే అమలు ఆగేది. 2015 సవరణతో అది పోయింది. ఇప్పుడు సెక్షన్ 36 ప్రకారం స్టే (అమలు ఆపే ఆర్డరు) కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి. కోర్టు కారణాలు రాసి, తగిన షరతులతో ఇవ్వొచ్చు.

డిపాజిట్ విషయంలో నేను తప్పుగా అర్థం చేసుకున్నది సివిల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఒక రూలును. ప్రభుత్వాన్ని సెక్యూరిటీ (డిపాజిట్ లాంటి హామీ) అడగొద్దంటది అది. అయితే పామ్ డెవలప్‌మెంట్స్ అనే కంపెనీ కేసులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అదే వాదిస్తే, 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆర్బిట్రేషన్‌లో ప్రభుత్వానికి ప్రత్యేక మర్యాద లేదన్నది. మోసంతో గానీ అవినీతితో గానీ వచ్చిన అవార్డని పైకి కనబడితే మాత్రం షరతుల్లేని స్టే ఇయ్యాలె. 2021 సవరణ అది, ఎవరికైనా వర్తిస్తది.

నా పోస్టు చదివి నర్సంపేట దిక్కు చిన్న కాంట్రాక్టరన్న ఒకాయన అవార్డు కాపీని మళ్లీ బీరువాల పెట్టేసిండట. ఇది నన్ను బాగా బాధపెట్టింది. నిన్న హన్మకొండకు పిలిపించి కవరు విప్పి చూసిన. అందులో ఉన్నది పిటిషన్ నోటీసే. స్టే ఆర్డరు లేదు. మీ దగ్గరున్న కాయితం కూడా నోటీసో, స్టే ఆర్డరో ఒకసారి చూసుకోండి, వకీలుకు చూపించండి.